గుండెల్లో మంట: ఆసిడ్ ఎక్కువైనందుకా, పైకి వచ్చినందుకా?

మారతహళ్లి పీజీ:
ఇక్కడ ఆంధ్రా మెస్‌లో రాత్రి పదిన్నరకి తిని పడుకుంటే చాలు, గుండెల్లో మంట, పులితేన్పులు. ఆసిడ్ ఎక్కువైందని రూమ్మేట్ అంటాడు, కారం వల్లే అని నేను. ఎవరిది కరెక్ట్?

జయనగర్ అన్న:
ఇద్దరిదీ సగమే తమ్ముడూ. రిఫ్లక్స్ (పొట్టలోని ఆసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నడం) ఉన్న చాలామందిలో ఆసిడ్ మామూలు మోతాదులోనే ఉంటుంది. తేడా వచ్చేది అన్నవాహిక కిందిచివర ఉండే కండరం దగ్గర. అది మింగినప్పుడు తెరుచుకుని మళ్లీ బిగుసుకోవాలి, కానీ పొట్ట నిండి పైభాగం సాగితే పొట్టని మెదడుతో కలిపే వేగస్ నరం ద్వారా సంకేతం వెళ్లి, ఏమీ మింగకపోయినా కాసేపు వదులవుతుంది. తేన్పు వచ్చేదీ ఇలాగే, అందరికీ జరిగేదే. మీలాంటివాళ్లకి గాలితో పాటు ఆసిడ్ కూడా వచ్చేస్తుంది. నిద్రలో లాలాజలం మింగడం తగ్గుతుంది కాబట్టి వచ్చింది అక్కడే నిలిచిపోతుంది. ఇక కారం సంగతి: మిరపకాయ మంటని పట్టే టీఆర్‌పీవీ1 అనే నరాల్లోని గ్రాహకమే ఆసిడ్‌కీ స్పందిస్తుంది. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది.

కోరమంగళ టెకీ:
ఆసిడ్ మామూలుగానే ఉంటే పాంటోప్రజోల్ వేసుకుంటే మంట ఎందుకు తగ్గుతోంది మరి?

జయనగర్ అన్న:
ఆ మాత్ర ఆసిడ్ తయారీని తగ్గిస్తుంది, కండరాన్ని బిగించదు. పైకి రావడం ఆగదు, వచ్చేదాంట్లో పులుపు తగ్గుతుంది. ఇంకో విషయం, మంట ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎండోస్కోపీలో పుండే కనపడదు. ఆసిడ్ నేరుగా కాల్చడమే మొత్తం కథ అయితే కనపడాలి కదా! అమెరికాలోని డల్లాస్‌లో డాక్టర్లు, అన్నవాహిక బాగా దెబ్బతిని ఇలాంటి మాత్రలు వాడుతున్న 12 మంది చేత అవి ఆపించి చూసి 2016లో రాశారు: రెండు వారాల్లోనే, పైపొర ఊడని చోట కూడా లింఫోసైట్లు అనే రక్షణ కణాలు చేరాయి. ఆ కణాలే వాపు తెస్తున్నాయని వాళ్ల వాదన.

కోరమంగళ టెకీ:
12 మందితో తేల్చేస్తారా? అదీ ముందే అన్నవాహిక బాగా దెబ్బతిన్నవాళ్లతో?

జయనగర్ అన్న:
తేలిందని నేననలేదు, చర్చ నడుస్తోంది. మాత్ర పనిచేయనివాళ్లకి ఊరికే డోసు పెంచుకుంటూ పోవడం చూస్తే మాత్రం బాధేస్తుంది. అన్నవాహికలోకి ఆసిడ్ ఎంత వస్తోందో కొలిచే 24 గంటల పీహెచ్ టెస్ట్ చేస్తే కొందరిలో ఆసిడ్ పెద్దగా పైకే రావట్లేదని, నరాలే అతిగా స్పందిస్తున్నాయని బయటపడుతుంది. వాళ్లకి వైద్యమే వేరు. మారతహళ్లి తమ్ముడూ, తినడానికీ పడుకోడానికీ మూడు గంటలు గ్యాప్ ఇవ్వు, ఎడమవైపు తిరిగి పడుకో. మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించు. ఛాతీ బరువుగా ఉండి నొప్పి చేతికో దవడకో పాకితే అది గ్యాస్ అనుకోకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లు.