ఆస్పత్రిలో 158, ఇంట్లో 126: ఏ బీపీని నమ్మాలి?

ప్రశ్న:
అమ్మ వయసు 54. షుగర్ లేదు, బీపీ మందులేవీ వాడటం లేదు. ఆస్పత్రిలో మూడుసార్లు చూస్తే 158/96, 152/94, 160/98. ఇంట్లో జబ్బకు కట్టే డిజిటల్ మిషన్‌తో పైది 124–130, కిందది 78–82 మధ్యే ఉంటోంది. డాక్టర్ని చూసి కంగారని కొందరు, ఇంటి మిషన్ తప్పని కొందరు అంటున్నారు. మందు మొదలుపెట్టే ముందు దీన్ని తేల్చుకోవడం ఎలా?

జవాబు 1:
రెండు అంకెలూ నిజమే కావచ్చండి. ఇంట్లో మామూలుగా ఉండి, తెల్లకోటు డాక్టరు ముందు మాత్రమే బీపీ పెరిగితే దానికి వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అని పేరు. డాక్టరు గదిలోకి వెళ్లగానే అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం హెచ్చుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. 1983లో ఇటలీలో మాంచియా అనే డాక్టరు బృందం ధమనిలోనే సన్నని గొట్టం ఉంచి, బీపీని ఆపకుండా కొలిచింది. డాక్టరు వచ్చిన మొదటి నాలుగు నిమిషాల్లో పైది సగటున 27, కిందది 15 పెరిగాయి. నర్సు కొలిస్తే ఆ పెరుగుదల సుమారు సగమేనని అదే బృందం తర్వాత చూపింది. కాబట్టి 30 తేడా వింతేమీ కాదు.

అయితే ఇప్పుడున్న ఇంటి అంకెలతో తేలదు. ఎప్పుడు పడితే అప్పుడు కొలిచినవి లెక్కకు రావు. ఏడు రోజులు పద్ధతిగా కొలవండి. పొద్దున లేచాక మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీకీ టిఫినుకీ ముందు. రాత్రి భోజనానికి ముందు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా, కాలు మీద కాలు వేసుకోకుండా కుర్చీలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. టీవీ, ఫోన్, మాటలు వద్దు. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు కొలిచి రెండూ రాయాలి. ఏడు రోజులకు 28 అంకెలు వస్తాయి. మొదటి రోజువి నాలుగూ తీసేయండి, ఎందుకంటే కొత్త మిషన్ అన్నా కాస్త బెదురుంటుంది. మిగిలిన 24 కూడి 24తో భాగించండి, పైవి వేరుగా, కిందవి వేరుగా. సగటు 135/85 కంటే తక్కువ వచ్చి, ఆస్పత్రిలో మాత్రం 140/90 దాటుతుంటే వైట్ కోట్ అనే అనుమానం బలపడుతుంది.

అంకె ఎక్కువొచ్చిందని నాలుగైదుసార్లు నొక్కి, బాగున్నది మాత్రమే రాయకండి. చాలామంది ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. డాక్టరుకు కాగితంతో పాటు మిషన్ మెమరీ కూడా చూపించండి.

జవాబు 2:
మిషన్ సంగతి నేను చెప్తాను. ఇంటి అంకె దొంగగా తగ్గే దారులు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. చెయ్యి గుండె ఎత్తుకు 10 సెంటీమీటర్లు పైన ఉంటే బీపీ 7–8 తక్కువ చూపిస్తుంది. అంతే కిందికి వేలాడితే 7–8 ఎక్కువ. పట్టీ మధ్యభాగం రొమ్ము ఎముక మధ్యకు సమానంగా రావాలి. బల్ల ఎత్తు చాలకపోతే మడిచిన దుప్పటి మీద చెయ్యి పెట్టించండి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన, చర్మం మీదే ఉండాలి. జాకెట్ చెయ్యి పైకి లాగితే అది జబ్బను బిగిస్తుంది కాబట్టి వదులు నైటీ మేలు.

మిషన్ సరైనదో కాదో చూడాలంటే దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్లండి. అదే చేతికి, ఒక నిమిషం ఎడంతో, ఒకసారి వాళ్లది ఒకసారి మీది మార్చి మార్చి కొలిపించండి. తేడా 5 లోపు ఉంటే నిశ్చింత. 10 దాటితే ఆ మిషన్ పక్కన పెట్టాల్సిందే. మణికట్టుకు కట్టేవి ఈ పనికి వద్దు. మొదటిసారి రెండు చేతులకూ చూడండి. తేడా 10 దాటితే ఎక్కువ వచ్చే చేతికే ఎప్పుడూ కొలవాలి.

జవాబు 3:
పైవాళ్లు చెప్పింది సరే గానీ, వైట్ కోట్ అని తేలితే ఇక వదిలేయొచ్చు అనుకోవద్దు. ఇలాంటివాళ్లలో కొందరికి కొన్నేళ్లలో అసలు బీపీయే వస్తుంది. ఏడాదికోసారైనా ఈ ఏడు రోజుల కొలత మళ్లీ చేయాలి. షుగరు, కొలెస్టరాల్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్, ఈసీజీ ఒకసారి చూపిస్తే గుండెకూ కిడ్నీకీ దెబ్బ తగిలిందో లేదో తెలుస్తుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే టీస్పూన్ లోపే. పచ్చళ్లు, అప్పడాలు, వడియాల్లో ఉన్నదీ అందులో భాగమే.

ఇంకా అనుమానం మిగిలితే 24 గంటల బీపీ మిషన్ (ఏబీపీఎం) అడగండి. పగలు 20–30 నిమిషాలకోసారి, రాత్రి ఇంకాస్త ఎడంగా తనంతట తానే కొలుస్తుంది. పట్టీ బిగిసినప్పుడల్లా చెయ్యి కదపకూడదు, ఆ రోజు స్నానం ఉండదు. 24 గంటల సగటు 130/80, పగటిది 135/85, నిద్రలోది 120/70 కంటే తక్కువుండాలి. నిద్రలో తగ్గని బీపీ ఇంటి మిషన్‌కు దొరకదు, అందుకే ఈ పరీక్షకు అంత విలువ.

నొప్పి మాత్రలు (డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్), జలుబు మాత్రలు, అతిమధురం కషాయం వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. ఇవి బీపీని నిజంగానే పెంచుతాయి, కంగారు వల్ల కాదు.

ఎక్కడ కొలిచినా 180/120 దాటితే ఐదు నిమిషాలాగి మళ్లీ చూడండి. అంతే ఉంటే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క బలం తగ్గడం తోడైతే కంగారే కదా అని కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. టేపుతో కొలిస్తే అమ్మ జబ్బ చుట్టుకొలత 35 సెంటీమీటర్లు. మిషన్‌తో వచ్చిన పట్టీ మీద 22–32 అని ఉంది. ఫర్వాలేదా?

జవాబు 2:
చాలదండి. చిన్న పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆస్పత్రిలోనూ మామూలు పట్టీయే కట్టి ఉంటే, ఆ 158లో కొంత పట్టీదే, అంతా కంగారుది కాదు. అదే కంపెనీ పెద్ద పట్టీ, 32–42ది విడిగా దొరుకుతుంది. వేరే కంపెనీది తగిలించొద్దు, లెక్క కుదరదు. ఆస్పత్రిలోనూ పెద్ద పట్టీ అడగండి. కొత్తది వచ్చాకే ఏడు రోజుల లెక్క మొదలుపెట్టండి.