థర్మైట్ చర్య లెక్కలో ఇనుము 112 గ్రాములా, 56 గ్రాములా?

ప్రశ్న:
నమస్కారం. రైలు పట్టాలను అతికించడానికి వాడే థర్మైట్ చర్య మీద మాకొక లెక్క ఇచ్చారు: 80 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్ తగినంత అల్యూమినియంతో పూర్తిగా చర్య జరిపితే ఎంత ఇనుము వస్తుంది? ఆక్సైడ్ మోలార్ ద్రవ్యరాశి 160 గ్రాములు కాబట్టి 80 గ్రాములంటే అర మోల్ అనీ, తుల్య సమీకరణం (Fe₂O₃ + 2Al → 2Fe + Al₂O₃) ప్రకారం ఒక మోల్ ఆక్సైడ్‌కు రెండు మోల్‌ల ఇనుము వస్తుంది గనుక ఇక్కడ ఒక మోల్ వస్తుందనీ రాశాను. సమీకరణంలో ఇనుము ముందు 2 ఉన్నందున దాని ద్రవ్యరాశిని రెండు యాభై ఆర్లుగా తీసుకుని 112 గ్రాములని తేల్చాను. జవాబు 56 అని ఉంది. ఎక్కడ తప్పాను?

జవాబు 1:
మోల్‌ల దాకా మీ లెక్క సరిగ్గానే ఉంది. ఆ తర్వాత, అప్పటికే వాడేసిన 2ను మళ్లీ వాడారు. గుణకం, అంటే సమీకరణంలో పదార్థం ముందు రాసే అంకె, మోల్‌ల నిష్పత్తిని మాత్రమే చెబుతుంది. అర మోల్‌ను ఒక మోల్‌గా మార్చడంతో దాని పని అయిపోయింది. ఇనుము మోలార్ ద్రవ్యరాశి ఏ సమీకరణంలోనైనా 56 గ్రాములే. ఆక్సైడ్ సంకేతంలో ఇనుము పక్కన కింద రాసే 2 సంగతి వేరు: అది సంకేతంలో భాగం కనుక రెండు యాభై ఆర్లు, మూడు పదహార్లు కలిపితేనే 160 వస్తుంది. ఈ రెండు అంకెలనూ ఒకటిగా చూడటం వల్లనే చాలామంది ఇక్కడ తడబడతారు.

జవాబు 2:
జవాబు చూడకుండానే ఈ తప్పును పట్టుకోవచ్చు. అర మోల్ ఆక్సైడ్‌కు ఒక మోల్ అల్యూమినియం, అంటే 27 గ్రాములు కావాలి. చర్యలోకి వెళ్లినది మొత్తం 107 గ్రాములైతే, ఒక్క ఇనుమే 112 గ్రాములు ఎలా వస్తుంది? 56 గ్రాముల ఇనుము, 51 గ్రాముల అల్యూమినియం ఆక్సైడ్ కలిపి చూడండి, సరిగ్గా 107 వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది. అల్యూమినియం 20 గ్రాములే ఉంటే?

జవాబు 2:
అప్పుడు లెక్కను అల్యూమినియం నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే ముందుగా అయిపోయేది అదే. 20ని 27తో భాగిస్తే సుమారు 0.74 మోల్, ఇనుముతో దాని నిష్పత్తి సమానం కాబట్టి 0.74 మోల్ ఇనుము, అంటే సుమారు 41.5 గ్రాములు వస్తుంది. దాదాపు 20.7 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడ్ చర్య జరపకుండా మిగిలిపోతుంది.