రుషికుల్య తాబేళ్ళ కోసం వేట బంద్: చిన్న పడవలకూ ఉండాలా?

లంగరు:
సూటిగా అడుగుతున్నా. ఒడిశాలో తాబేళ్ళు గుడ్లు పెట్టే ధామ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా ఇంజను పడవల వేట నవంబరు 1 నుంచి మే 31 వరకు బంద్. రుషికుల్య ఉన్న గంజాం తీరంలో మన నోలియా (తెలుగు జాలరుల) పేటల్లో ఎక్కువగా కనిపించేవి ఇంజను బిగించిన ఫైబరు పడవలే. తాబేళ్ళను చంపేది ట్రాలరు (వలని ఈడ్చుకెళ్ళే పెద్ద పడవ), పస్తులు ఫైబరు పడవకా? ట్రాలర్లకి టెడ్ (వలలో పడ్డ తాబేలు బయటపడే ఏర్పాటు) పెట్టించి మనల్ని వదిలేస్తే సరిపోదా?

ఇసుకతిన్నె:
టెడ్ పెట్టించగానే అయిపోదండీ. ట్రాలు వలలో చేప చేరే సంచికి ముందు ఏటవాలుగా కుట్టే చట్రం అది. కడ్డీల మధ్య ఖాళీ తాబేలు దూరనంత ఇరుకుగా ఉండాలి. రొయ్య కడ్డీల్లోంచి దూరి సంచిలోకి పోతుంది. తాబేలు చట్రానికి తగిలి జారి, దాని పక్కనే ఉన్న కన్నంలోంచి బయటపడుతుంది. కిటుకంతా వాలులోనే. 30 డిగ్రీలకి తగ్గితే రొయ్యలు కన్నంలోంచి జారిపోతాయి. 55 దాటితే తాబేలు చట్రానికి అదుముకుపోయి అక్కడే చస్తుంది. చట్రం బరువుకి వల కుంగకుండా బెండ్లు కట్టాలి. ప్లాస్టిక్ సంచో, నాచో అడ్డం పడితే రొయ్యా దక్కదు, తాబేలూ బతకదు. వీటన్నిటికంటే పెద్ద తంటా మనిషిది. పెద్ద చేప, టేకు (పలకలా చదునుగా ఉండే చేప) కూడా ఆ కన్నంలోంచే పోతాయని రేవు దాటాక కన్నం మీది మూతని దారంతో కుట్టేసేవాళ్ళుంటారు. రేవులో కొలిస్తే అంతా సరిగ్గానే ఉంటుంది మరి.

లంగరు:
తప్పు వాళ్ళదేనని మీరే చెప్తున్నారు కదా. అసలు 5 కిలోమీటర్ల లోపలికి ట్రాలరు రాకూడదని ఒడిశా చట్టమే ఉంది. ముందు అది అమలు చెయ్యమనండి.

తంపర ఒడ్డు:
అన్నా, అది నిజమే. కానీ మన వలని కూడా చూడాలి. తాబేలు గాలి పీల్చే జీవి. కదలకుండా ఉంటే చాలాసేపు నీటి అడుగున ఉండగలదు. వలలో పెనుగులాడితే ఆ గాలి తొందరగా అయిపోతుంది. సాయంత్రం వేసి తెల్లారి తీసే పెద్ద కన్ను వల, ముఖ్యంగా టేకు వల, ఇంజను లేకపోయినా చంపుతుంది. కవళ్ళు, కానాగంతల్లాంటి చిన్న చేపలకి వేసే చిన్న కన్ను వలలో తాబేలు రెక్క చిక్కడం తక్కువ, పైగా దగ్గరే ఉండి వెంటనే లాగేస్తారు. చట్టం ఇంజన్ని చూస్తోంది. చూడాల్సింది వల కన్నునీ, అది నీళ్ళలో ఉన్న గంటలనీ. నా మట్టుకు టేకు వల పూర్తిగా బంద్, చిన్న కన్ను వలకి పగటి పూట అనుమతి.

జీడితోట:
2025 ఫిబ్రవరిలో రుషికుల్యలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. నిషేధం పనిచేస్తున్నట్టే కదా?

ఇసుకతిన్నె:
ఆ లెక్కతో ఏదీ తేలదు. 2024లో అక్కడ సామూహికంగా గుడ్లు పెట్టనే లేదు, అంతమాత్రాన నిషేధం విఫలమైందంటామా? ఇప్పుడు పుట్టిన తాబేలు పిల్ల పెరిగి గుడ్లు పెట్టడానికి పదేళ్ళు దాటుతుంది. ఆడతాబేలు ప్రతి ఏడూ రావాలనీ లేదు.

తంపర ఒడ్డు:
తేదీల సంగతి కూడా చూడండి. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఇంజను పడవలకి ఎలాగూ బంద్. అంటే తాబేళ్ళ పేరున మనకి అదనంగా పోయేది నవంబరు నుంచి ఏప్రిల్ సగం దాకా. గట్టిగా కాపాడాల్సిన కాలమూ అదే: ముందు జత కట్టడం, తర్వాత ఫిబ్రవరి, మార్చిల్లో గుడ్లు. మే నెల కోసం కొట్లాడటం దండగ. అప్పుడు పిల్లలకి కీడు చేసేది పడవ కాదు, ఒడ్డు మీద లైట్లు. పిల్లలు వెలుగు వైపు పాకుతాయి, సముద్రం అటే ఉందనుకుని.

జీడితోట:
వలలో పడ్డ తాబేలు కదలకపోతే ఏం చెయ్యాలి?

తంపర ఒడ్డు:
చచ్చిందని నీళ్ళలోకి విసరొద్దు, నిజంగానే మునిగి చస్తుంది. పొట్ట కిందికి ఉండేలా పెట్టి, వెనక భాగం కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తాలి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు కారిపోవడానికి. తడి గోనె కప్పి నీడలో ఉంచండి, ముక్కు మాత్రం మూయకండి. తేరుకోవడానికి 4 గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి 24 గంటలు. తేరుకున్నాక ఇంజను ఆపి, పడవ వెనక నుంచి, తల ముందుగా నీళ్ళలోకి జార్చాలి.

లంగరు:
చెప్పడం బాగుంది. నిషేధం రోజుల్లో పడవలో తాబేలుతో దొరికితే 1972 వన్యప్రాణి చట్టం, షెడ్యూల్ 1. పులికీ దీనికీ ఒకటే షెడ్యూల్. కాపాడుతున్నానంటే నమ్మేదెవరు? ఆ భయంతోనే కొనఊపిరి ఉన్నదాన్ని కూడా నీళ్ళలోకి తోసేస్తారు.

ఇసుకతిన్నె:
ఈ ఒక్క మాటలో మీతో పూర్తిగా ఏకీభవిస్తా. వలలో పడ్డదాన్ని తేర్చి వదిలేవాడి మీద కేసు ఉండదని రాతపూర్వకంగా ఇవ్వాలి. టేకు వల బంద్‌కి పేటలు ఒప్పుకుంటే, బదులుగా మొదట అడగాల్సింది అదే.