పాత స్ప్లెండర్‌లో కారు ఆయిల్ పోయించాను, క్లచ్ జారుతోంది

ప్రశ్న (కవిటి, శ్రీకాకుళం జిల్లా)

నాన్నది 2014 స్ప్లెండర్, కార్బ్యురేటర్ బండి. వానల్లో నెల రోజులు పెరట్లోనే ఉండిపోయింది. మొన్న ఆయిల్ మార్పించాను. చిన్నాన్న కారుకి కొన్న 5డబ్ల్యూ-30 రకం ఆయిల్ మిగిలితే, ఖరీదైనది కదా అని అదే పోయించాను. ఇప్పుడు కొబ్బరికాయల బస్తా వేసి తోటలోంచి రోడ్డెక్కుతుంటే ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు. రిజర్వ్‌లో పెడితే ఆగిపోతోంది కూడా. నాన్న దీని మీదే సోంపేట వెళ్లాలి. ఇంజన్ పోయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (పలాస)

ముందు క్లచ్ కేబుల్ చూడండి. లివర్‌కి కొద్దిగా కూడా లూజు లేకపోతే ఇలాగే జారుతుంది.

జవాబు (నరసన్నపేట, మెకానిక్)

ఇంజన్ పోలేదు తమ్ముడూ, కంగారు పడకు. మన బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కారులో అలా కాదు. అందుకే మైలేజీ కోసం చాలా కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి ప్లేట్లకి పట్టు లేకుండా చేస్తాయి. ఆ ఆయిల్ తీయించి 10డబ్ల్యూ-30 పోయించు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే గుర్తు అది. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లది, వద్దు. కొన్నిసార్లు ఒక్క మార్పుతో పూర్తిగా నయం కాదు, రెండోసారీ మార్చాలి. అప్పటికీ జారితే ప్లేట్లు మార్చాల్సిందే. ఈలోగా బస్తాలు మాత్రం వేయకు, ప్లేట్లు కాలిపోతాయి.

ఆయిల్ లెవల్ చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి. మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో మూడు నిమిషాలు ఆగి, ఆయిల్ మూతకుండే కొలత పుల్లని తుడిచి మరలు తిప్పకుండా ఊరికే దించి చూడు. తిప్పి బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. నా దగ్గరికొచ్చే బళ్లలో సగం మంది చేసే పొరపాటు అదే.

రిజర్వ్‌లో ఆగుతోందంటే నాకు పెట్రోలు మీదే అనుమానం. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీళ్లని లాక్కుంటుంది. నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. రిజర్వ్‌లో పెట్టగానే ముందు వచ్చేది అదే. ఇంజన్ చల్లారాక, ఆరుబయట, పొయ్యికీ బీడీలకీ దూరంగా కొంచెం గాజు సీసాలోకి పట్టి కాసేపు కదపకుండా ఉంచు. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయించి, కార్బ్యురేటర్ కింది స్క్రూ వదులు చేసి అందులోదీ తీసేయించు. ఆ పెట్రోలు గానీ, పాత ఆయిల్ గానీ తోటలో పారబోయకు బాబూ, నేల నీళ్లు పాడవుతాయి. షాపులో డ్రమ్ముంటుంది, అక్కడ ఇచ్చేయ్. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాని కత్తితో కోసి పడేయ్, లేకపోతే ఎవరో నకిలీది నింపి మళ్లీ అమ్ముతారు.

అడిగినవారు

అన్నయ్యా, కేబుల్ బాగానే ఉంది. సీసాలో అడుగున వేలెడు పొర తేలింది. ట్యాంకు మూత రబ్బరు చీలిపోయి ఉంది, వాన నీళ్లు అక్కడి నుంచే దిగాయి. మూత మార్చాను, ఎంఏ2 ఆయిల్ పోయించాను. ఇప్పుడు ఆగట్లేదు, ఖాళీగా నడిపితే జారట్లేదు. బస్తా వేస్తే ఇంకా కొంచెం జారుతోంది. వచ్చే వారం రెండోసారి మార్పిస్తాను. అప్పటిదాకా నాన్నని బస్సులో వెళ్లమన్నాను.