డైరీలో "ఎందుకిలా చేశాను" అని రాసుకుంటే మన స్వభావం మనకి తెలుస్తుందా?

తూనీగ:
డైరీ రాసే అలవాటున్నవాళ్లని అడుగుతున్నా. "ఎందుకు కోప్పడ్డాను, ఆ పని ఎందుకు వాయిదా వేశాను" అని రాస్తే ప్రతిసారీ ఓ చక్కటి కారణం దొరుకుతుంది. మర్నాడు మళ్లీ అదే తంతు. అసలు ఏం రాయాలి, ఎప్పుడు తిరగేయాలి?

నింపాది:
కారణం చక్కగా దొరకడమే చిక్కండి. నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1977 నాటి వ్యాసంలో ఒక ప్రయోగం చెప్పారు. అచ్చం ఒకేలాంటి నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి, ఏది మేలైందో ఎంచమన్నారు. మిగతా వాటికన్నా కుడి చివరదాన్నే ఎక్కువమంది ఎంచారు. కారణం అడిగితే ఒక్కరూ దాన్ని పెట్టిన చోటు మాట ఎత్తలేదు. వాళ్లు అబద్ధమాడలేదు, అప్పటికప్పుడు అల్లుకున్న కారణాన్ని తామే నమ్మారు.

అందుకే "ఎందుకు" పక్కనపెట్టి, పని మొదలవకముందే అంచనా రాయండి: తేదీ, ఏం చేస్తారు, ఎప్పటికి అవుతుంది, ఎంత శాతం నమ్మకం. ఫలితం తేలాక పక్కనే రాయండి, పాతది దిద్దొద్దు. మనసులో ఉంచుకుంటే సరిపోదు. ఫలితం తెలిశాక "నేను ముందే అనుకున్నా" అని జ్ఞాపకమే రంగు మార్చేస్తుంది. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజులు చాలన్నారు, 55 దాటాయి. అన్నీ ఎదురుతిరిగితే ఎంత పడుతుందో కూడా అడిగారు. ఆ లెక్కా సరిపోలేదు!

గడియారం:
అంచనాలు గడువున్న పనులకి బాగానే ఉంటాయి. కోపానికి ముందస్తు అంచనా ఎవరు రాస్తారు? దానికి వేరే పద్ధతి. జరిగిన గంటలోపు, పక్కనున్న మనిషికి కనబడేది, వినబడేది మాత్రమే రాయండి: ఎన్ని గంటలకి, ఎవరితో, ఎవరు ఏ మాటన్నారు. వాటికి తోడు ముందు రాత్రి నిద్ర ఎంత, తిండి తిని ఎంతసేపైంది. "అవమానించాడు" అని రాయొద్దు, అన్న మాటే రాయండి. విశేషణం పడగానే తీర్పు వచ్చేస్తుంది, ఇక వెతకడానికేమీ మిగలదు.

ఏ రోజుది ఆ రోజే చదవొద్దు. కనీసం ఇరవై నమోదులు పోగయ్యాక ఒక్కసారి కూర్చుని చూడండి. తరచూ బయటపడేవి గొప్ప రహస్యాలేం కావు: ఒకే మనిషి, ఒకే వేళ, నిద్ర చాలని రోజులు.

వాకిలి:
ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. కొన్ని సంగతులు ఎంత రాసినా మనకి కనబడవు. సిమీన్ వజీర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 2010లో చూపింది ఇదే: లోపలి కంగారు, దిగులు మనకే బాగా తెలుస్తాయి, తెలివితేటలు, సృజన లాంటివాటిలో స్నేహితుల అంచనాయే మెరుగు. మంచిచెడ్డల తూకం ఉన్నచోట మన తక్కెడ మనవైపే మొగ్గుతుంది మరి.

అయితే "నేనెలాంటివాణ్ణి?" అని అడిగితే మొహమాటానికి మంచే చెబుతారు. "ఈ నెలలో నేను ఎదుటివాళ్ల మాట మధ్యలో తుంచేసిన సందర్భం ఒకటి చెప్పు" అని అడగండి. విడివిడిగా ముగ్గుర్ని అడిగితే మేలు. చెప్పాక "అది కాదు, అప్పుడేమైందంటే..." అని మొదలుపెట్టారో, ఇంకోసారి ఆ మనిషి నోరు విప్పడు.

తూనీగ:
అందరికీ థాంక్స్. నింపాది గారూ, శాతం ఎందుకండీ? అవుతుంది, కాదు అని రాస్తే చాలదా?

నింపాది:
చాలదు. "అవుతుంది" అన్నది తప్పితే ఆ ఒక్కదానికి ఏదో సాకు దొరుకుతుంది. అదే 80 శాతం అని రాసినవన్నీ ఒకచోట చేర్చండి. పదిలో ఎనిమిది దాకా జరగాలి. అయిదే జరిగితే అతినమ్మకం, పదీ జరిగితే అనవసరపు భయం. మూడు నాలుగింటితో మాత్రం తేల్చకండి, అది యాదృచ్ఛికం కావచ్చు. పని, డబ్బు, మనుషులు వేర్వేరు పేజీల్లో పెట్టండి. ఒకదాంట్లో గురి ఉన్నవాళ్లకి ఇంకోదాంట్లో ఉండాలని లేదు.