తీజ్ మొలకలు ఎందుకు కుళ్తున్నాయి?

ప్రశ్న: గుత్తి పక్క సుగాలి తండాల్లో ఈమధ్య తీజ్ పండక్కి గోధుమ మొలకలు పెంచే బుట్టలు ఆరో రోజుకే వాసన కొడుతున్నాయి. ముందు ఇట్ల ఉండేది కాదు. ఏం మారింది? తెలిసినోళ్లు చెప్పండి.

జవాబు: బుట్టే మారిందన్నా. వెదురు బుట్టలో ఎక్కువైన నీళ్లు సందుల్లోంచి కారిపోతాయి. ప్లాస్టిక్ దాంట్లో అడుగున నిలిచి వేరు కుళ్తుంది. అదే వాడాల్సి వస్తే అడుగున పది పదిహేను బొక్కలు పొడవండి. పుట్టమన్ను రెండు పాళ్లకు మాగిన ఎరువు ఒక పాలు. పచ్చి పేడ కలిపితే ఆ వేడికి గింజ చస్తుంది. గోధుమలు ఒక్క రాత్రి నానితే చాలు, రెండో రాత్రికి పులుస్తాయి.

జవాబు: అక్క చెప్పింది నిజం. నీళ్ల పద్ధతీ మారింది. పెండ్లికాని ఆడపిల్లలు పాడుకుంటా తొమ్మిది రోజులు పూటపూటకూ కొంచెం కొంచెం చల్లేవాళ్లు. ఇప్పుడు కాలేజీకి పోయే తొందరలో పొద్దున్నే చెంబెడు కుమ్మరిస్తున్నారు. కొన్నిచోట్ల పండగనే మూడు రోజులకు కుదించినారు, అన్ని రోజుల్లో మొలక జానెడు ఎట్ల లేస్తుంది? నాకు ఇంకా బాధ డీజేతో. సుగాలీల భాష గోర్‌బోలీకి సొంత లిపి లేదు, పాట నోటి నుంచి నోటికే రావాల. స్పీకర్ మోగితే పిల్లలు నేర్చేదెప్పుడు?

జవాబు: బుట్టలు నీడలో పెట్టండి, మొలక లేత పసుపుగా వస్తుంది. ఆఖరి రోజు పెరికి తలపాగాల్లో పెట్టేది అదే. మిగిలింది చెరువులో కలపండి, ప్లాస్టిక్ మాత్రం వెనక్కి తెచ్చుకోండి.