చింపాంజీల్లో ఎస్‌ఐవి: యాంటీబాడీలు ఉన్నా వైరస్ ఎలా బతుకుతోంది?

ప్రశ్న (ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని)

హెచ్‌ఐవి–1 పుట్టుక గురించి చదువుతూ ఎస్‌ఐవి (కోతుల్లో, చింపాంజీల్లో ఉండే, హెచ్‌ఐవికి మూలమైన వైరస్) దగ్గర ఆగిపోయాను. టాంజానియాలోని గోంబే అడవిలో చింపాంజీల మలం సేకరించి, అందులోనే వైరస్ ఆర్‌ఎన్‌ఏనీ, దానికి ఎదురుగా పుట్టిన యాంటీబాడీలనీ గుర్తించారట. అంటే ఒకే ఒంట్లో యాంటీబాడీలూ ఉన్నాయి, వైరసూ ఉంది. మరి అవి ఏం చేస్తున్నట్టు? వైరస్ వాటిని పసిగట్టి రూపం మార్చుకుంటుందా? పుస్తకంలో "మ్యుటేషన్ల వల్ల" అని ఒక్క ముక్కతో వదిలేశారు. దయచేసి ఎవరైనా వివరంగా చెప్పగలరా?

జవాబు 1

ముందు ఒక తేడా చూడండి. మలంలో దొరికే యాంటీబాడీలన్నీ వైరస్‌ని ఆపేవి కావు. చాలావరకు విరిగిన ముక్కలకో, లోపలి ప్రోటీన్లకో అతుక్కుంటాయి. ఇన్ఫెక్షన్ ఉందని చెప్పడానికి అవి చాలు. వైరస్ కణంలోకి దూరకుండా అడ్డుపడేవే న్యూట్రలైజింగ్ యాంటీబాడీలు.

జవాబు 2 (న్యూట్రలైజేషన్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను)

వైరస్ దేన్నీ పసిగట్టదండి. యాంటీబాడీ రాకముందే ఆ మార్పు ఎక్కడో ఒక కాపీలో పుట్టి ఉంటుంది. దాని ఆర్‌ఎన్‌ఏ పది వేల అక్షరాల లోపే, కానీ దాన్ని డీఎన్‌ఏగా రాసే ఎంజైముకి తప్పులు దిద్దుకునే శక్తి లేదు. హెచ్‌ఐవి ఉన్న మనిషి ఒంట్లో రోజుకి వెయ్యి కోట్ల వైరస్‌లు పుడతాయని 1996లో లెక్కగట్టారు. ఎస్‌ఐవి వాడేదీ అదే రకం ఎంజైము. అన్ని కాపీల్లో యాంటీబాడీకి దొరకనిది ఒక్కటి ఉన్నా చాలు, మిగతావి ఆగిపోయాక అదే పెరుగుతుంది. ఎంపిక చేసేది యాంటీబాడీయే. నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే విషయం ఇది.

ఇక ఏం మారుతుందంటే, వైరస్ పైన ఉండే ఎన్వలప్ ప్రోటీన్. జీపీ120, జీపీ41 అనే ముక్కలు మూడేసి కలిసి ఒక ముల్లు. జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెర గొలుసులే, అంటే గ్లైకాన్లు. వాటిని తయారుచేసేది వైరస్ కాదు, అది దూరిన కణమే. శత్రువు మన సైన్యం దుస్తులే వేసుకుని వచ్చినట్టు! అందుకే రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా చూడడం కష్టం. ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల్లో ఆస్పరాజిన్, దాని పక్కన ప్రోలిన్ తప్ప ఏదో ఒకటి, ఆ తర్వాత సెరిన్ లేదా థ్రియోనిన్ – ఈ వరుస ఎక్కడ పడితే అక్కడ గ్లైకాన్ వచ్చి చేరవచ్చు. ఒక్క అక్షరం మారితే చక్కెర కొత్త చోటికి జరిగి, యాంటీబాడీ పట్టుకునే చోటుని కప్పేస్తుంది. మనుషుల్లో హెచ్‌ఐవి ఇలా కవచం మార్చుకుంటూ పోవడాన్ని 2003లో చూపించారు. దీనికి తోడు వి1, వి2 అనే వంపుల పొడవు కూడా మారుతుంటుంది.

మా పని ఇలా ఉంటుంది. హెచ్‌ఐవి ఎన్వలప్ తొడిగిన, ఒక్కసారి మాత్రమే కణంలోకి దూరగల నకిలీ వైరస్‌ని సీరంతో (యాంటీబాడీలుండే రక్త ద్రవంతో) కలిపి, కణాల మీద వేస్తాం. వైరస్ దూరితే లూసిఫరేజ్ అనే ఎంజైము వల్ల వెలుగు వస్తుంది, యాంటీబాడీ ఆపితే వెలుగు తగ్గుతుంది. ఒకే వ్యక్తి సీరం నెలల కిందటి వైరస్‌ని బాగా ఆపుతుంది. అదే రోజు తీసిన వైరస్ దగ్గర మాత్రం వెలుగు తగ్గదు. ఆ ప్లేటు చూసిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది. ఒళ్లు ఊరికే కూర్చోలేదు, నిజంగానే మంచి యాంటీబాడీలు చేసింది, కానీ అవి వెనకబడ్డాయి.

అయితే వైరస్ అన్నిటినీ మార్చుకోలేదు. కణం మీద వైరస్ అతుక్కునే ప్రోటీన్ సీడీ4. దాన్ని పట్టుకునే చోటు మారిపోతే అది లోపలికే వెళ్లలేదు. కాబట్టి ఆ చోటుని లోతుగా, చుట్టూ చక్కెరలతో దాచుకుంటుంది. సీడీ4 తగిలాకే ముల్లు విచ్చుకుని మిగతా భాగాలు బయటపడతాయి. 2015లో మనుషుల నుంచి తీసిన శక్తిమంతమైన యాంటీబాడీలను చింపాంజీ, గొరిల్లా ఎస్‌ఐవిల మీద పరీక్షించారు. సీడీ4 చోటుని పట్టుకునేవి చాలావరకు విఫలమయ్యాయి. ముల్లు కొసన వి2ని పట్టుకునేవి కొన్ని వైరస్‌లను ఆపాయి. ముల్లు అడుగున, వైరస్ పొర పక్కన పట్టుకునే 10ఇ8 అనే యాంటీబాడీ మెరుగ్గా పనిచేసింది. జాతి మారినా మారని చోట్లు కొన్ని ఉన్నాయన్నమాట. కామెరూన్‌కి చెందిన ఒక చింపాంజీ వైరస్ ఎమ్‌టీ145 ఎన్వలప్‌ని, ఒక్క అమైనో ఆమ్లం మార్చి, హెచ్‌ఐవి టీకా పరిశోధనలో వాడుతున్నది అందుకే.

జవాబు 3

చాలా బాగా చెప్పారు. కానీ ఎస్‌ఐవి సొంత జాతికి హాని చేయదని కదా అంటారు? సూటీ మాంగబే కోతులకు వైరస్ ఉన్నా సాధారణంగా జబ్బు రాదు.

జవాబు 2

మాంగబేలకు నిజమే, చింపాంజీలకు కాదు. గోంబేలో వైరస్ సోకిన చింపాంజీలకు, వయసు లెక్కలోకి తీసుకున్నాక, చావు ముప్పు 10 నుంచి 16 రెట్లు ఎక్కువని 2009లో తేలింది. అసలే తగ్గిపోతున్న జాతి, అందుకే ఈ సంఖ్య చదివినప్పుడు చాలా బాధేసింది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇప్పుడు అర్థమైందండి, థాంక్స్. మరి చింపాంజీల వైపు నుంచి ఎదురుదెబ్బ ఏమీ లేదా?

జవాబు 2

ఉంది, అదీ యాంటీబాడీల దారిలో కాదు. చింపాంజీల్లో సీడీ4 అందరికీ ఒకేలా ఉండదు. కొన్ని రకాల్లో వైరస్ తగిలే భాగం మీదే అదనంగా ఒక గ్లైకాన్ ఉంటుంది. వైరస్ ఎన్వలప్ మీది చక్కెరలకు అది అడ్డు తగిలి, అతుక్కోవడం కష్టమవుతుంది. 2019లో వచ్చిన పరిశోధన ఇది. వైరస్ ఏ చక్కెరతో యాంటీబాడీని తప్పించుకుంటోందో, ఆ చక్కెరే ఇక్కడ దానికి ఇబ్బంది కావచ్చు. అలాగని ఒక సీడీ4 రకం అన్ని ఎస్‌ఐవిలనూ ఆపదు, ఏ వైరస్‌కి ఏ సీడీ4 ఎదురైంది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.